కుంకుమ అంటని బుష్

"పసుపుతాడు ఇంగా పచ్చిగానే ఉండాది. ఫ్యాక్టరీ గేటు దాటొద్దు."

బుధవారం పొద్దున తొమ్మిది యాభై రెండుకు నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్ అది. తెలియని నంబరు. తిరిగి చేస్తే స్విచాఫ్. చిక్కబళ్ళాపురం బయట దేవరాజ్ గారి వర్క్‌షాప్ గేటు ముందు స్కూటర్ ఆపి, ఆ రెండు ముక్కలనూ నాలుగుసార్లు చదివాను.

నేను డిటెక్టివ్ పనిలో చేరి మూడేళ్లు. అంతకుముందు రెండేళ్లు టూల్ డిజైనర్‌ని. బెదిరింపులు నాకు కొత్త కాదు. కానీ పెళ్లయి ఏడు వారాలే అయింది. భయం వేసినప్పుడు చెయ్యి దానంతటదే మెడలోని తాడును పట్టుకోవడం మాత్రం కొత్త.

గేటు దాటాను. సిమెంటు నేల మీద నా మెట్టెలు టక్కుటక్కుమన్నాయి. ఇంట్లో ఆ చప్పుడంటే నాకు ముచ్చట. ఇక్కడ మాత్రం నేను ఎక్కడున్నానో అందరికీ చెప్పేస్తున్నట్టు అనిపించింది.

"రాండి మేడమ్. పెళ్లి భోజనాలు అరిగినాయా?" అన్నాడు ఎస్సై ధనుంజయ. డ్రిల్లింగ్ మిషన్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "ఒంటిగంటకు నాగేశ్‌ను తీసుకుపోతాండాను. అంతలోపల మీరేం చేస్తారో చేసుకోండి."

నాగేశ్ డ్రిల్లింగ్ ఆపరేటర్. ఇరవై ఆరేళ్లుంటాయి. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య దాచుకున్నాడు.

జరిగింది ఇదీ. మంగళవారం పదకొండూ ఇరవైకి దిబ్బూరహళ్ళిలో మునికృష్ణప్ప అనే మెకానిక్ బోరులోంచి మోటారు లాగుతున్నాడు. పైపును పట్టుకునే ఇనుప క్లాంపుకు, గొలుసు తగిలించే చెవి చిరిగింది. పైపులూ మోటారూ బోరులోకి జారిపోయాయి. పైన బరువు తప్పిన చైన్ బ్లాక్, అంటే బరువులెత్తే గొలుసు కప్పీ, ఊగి వచ్చి అతని రొమ్మును తాకింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదు ప్రాణం. ఆ క్లాంపు చేసింది ఈ వర్క్‌షాప్‌లో. దాని చెవికి కన్నం వేసింది నాగేశ్. యజమాని దేవరాజ్ నాకు నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు ఫోన్ చేసి, "నా పిల్లోడు అట్లాంటి పని చేసేవాడు కాదమ్మా, నిజం తేల్చండి" అన్నారు.

ఆ వార్త విన్నప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. నా భర్త రూపేష్ చేసేదీ అదే పని. బాగేపల్లి చుట్టుపక్కల బోరు మోటారు చెడితే అతన్నే పిలుస్తారు. కానీ అతను వాడేది వాళ్ల నాన్న కాలపు క్లాంపు. అది గుర్తొచ్చాకే నిన్న నాలుగు మెతుకులు తిన్నాను.

ఈ పొద్దున ఏడున్నరకు అతను గూళూరు వెళ్తూ, పన్నెండుకు అక్కడ మోటారు లాగాలని చెప్పి, పనిముట్ల సంచి నా ముందు పెట్టి "బొట్టు పెట్టు" అన్నాడు. పెళ్లయినప్పట్నుంచీ అదో సరదా మాకు. సంచిలోంచి తల బయటపెట్టిన ఏదో కొత్త ఇనుప ముక్కకు కుంకుమ అద్దాను. "మన షష్టిపూర్తి దీని మీదే రాసుండాది, సూడు" అని నవ్వాడు. ఏమిటా అని వంగేలోపు సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. రోజూలాగే టిఫిన్ డబ్బా మూతలో చీటీ పెట్టి పంపాను. ఆ చీటీ కోసం మధ్యాహ్నం దాకా ఆగలేడు, పని మధ్యలోనే తెరిచేస్తాడు.

ఆ నవ్వును పక్కన పెట్టి నాగేశ్ ఎదురుగా కూర్చున్నాను. టైం పదీ పది.

"అరవై క్లాంపులకు కన్నాలు ఎప్పుడు వేసినావు?"

"శుక్ర, శనివారాలు అక్కా."

"అంతకుముందు?"

"బుధవారం ఆయుధ పూజ. గురువారం దసరా సెలవు."

"కన్నం చేతితో గురి చూసి వేసినావా?"

అతని తల ఠక్కున లేచింది. ఆ ప్రశ్నకు ఉక్రోషం వచ్చింది. "జిగ్గులో పెట్టే వేసినానక్కా! జిగ్గు లేకుండా ఎవురు వేస్తారు? డ్రిల్లు యాడ దిగాలో బుష్ చూపిస్తాది. నాది చెయ్యి తిప్పే పనే."

"మరి కన్నం పక్కకు ఎట్ల పోయింది?"

అతని చూపు నా భుజం మీదుగా వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చేసింది. తిరిగి చూశాను. అటు ఉన్నది టూల్ రూమ్ కిటికీ. లోపల ఎవరూ లేరు.

"నాగేశ్, నీకూ మెసేజ్ వచ్చిందా?"

అతని ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి చూపించాడు. నిన్న రాత్రి ఎనిమిదికి వచ్చింది. "బుష్ మాట ఎత్తితే మీయమ్మ ఒక్కతే మిగులుతాది." నాకు వచ్చిన నంబరే.

ఎస్సైకి రెండు ఫోన్లూ చూపించాను. "ఎవురో ఆటకు పంపించింటారు. ఊరికే టైం వేస్టు," అన్నాడు. కానీ ఆ నంబరు మాత్రం రాసుకున్నాడు.

జిగ్గు దగ్గరికి వెళ్లాను. అదొక బరువైన ఇనుప పెట్టె లాంటిది. లోపల క్లాంపు కదలకుండా కూర్చుంటుంది. పైపలకలో రెండు ఉక్కు ఉంగరాలు. వాటినే బుష్‌లంటారు. డ్రిల్లు వాటి గుండానే దిగాలి. చిన్న బుష్ బోల్టు కన్నానికి, పెద్దది చెవి కన్నానికి. మెడ దగ్గర పట్టు కోసం గరుకు గీతలుంటాయి. చేత్తో ఎడమవైపు తిప్పితే ఊడి వస్తాయి.

చిన్న బుష్ తీసి వెలుతురులో పట్టుకున్నాను. గరుకు గీతల్లో ఎర్రగా కుంకుమ. పూజ రోజున అద్దింది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా ఆ గీతల్లోంచి నెల దాకా పోదు.

పెద్ద బుష్ తీశాను. తళతళలాడుతోంది. గీతల్లో ఒక్క ఎర్ర చుక్క లేదు.

"నాగేశ్, పూజలో ఈ రెండిటికీ నువ్వే బొట్టు పెట్టినావా?"

"నేనే అక్కా. రెండిటికీ. నా మిషన్‌వి నేనే పెడతాను, ఇంగొకరిని ముట్టనీను."

"అంటే ఈ పెద్దది పూజ తర్వాత వచ్చింది."

ధనుంజయ పకపకా నవ్వాడు. "కుంకుమ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాదా మేడమ్?"

"అది చెప్పకపోతే ఇది చెప్తాది," అంటూ బెంచి మీద ఉన్న ఫైల్, ఇనుము రాకే ఆకురాయి, తీసుకున్నాను. చిన్న బుష్ అంచు మీద నొక్కి గీశాను. అద్దం మీద గీసినట్టు ఫైల్ జర్రున జారిపోయింది. గీత పడలేదు. "ఇది గట్టిపరిచిన ఉక్కు. బుష్ అంటే ఇట్లుండాల. డ్రిల్లు లక్షసార్లు రాసుకున్నా అరగకూడదు."

పెద్ద బుష్ అంచు మీద గీశాను. కర్ర్ మంది. వెండి పొడి నా వేలి మీద రాలింది.

ఆ వేలిని ఎస్సై ముందుకు చాపాను.

"మామూలు ఇనుము," అన్నాను. "రాడ్డు ముక్క కోసి లేత్ మీద తిప్పి చెక్కినారు. ఇంకోటి సూడండి సార్." బుష్‌ను జిగ్గులో తిరిగి పెట్టి, దాని కిందకు చిటికెన వేలు పోనిచ్చాను. ధారాళంగా దూరింది. "క్లాంపు చెవి ఏటవాలు. బుష్ దాని మీద దాదాపు ఆనుకునేంత దగ్గరికి దిగాల. ఇది పొట్టిది. కింద ఇంత సందు. డ్రిల్లు బయటికొచ్చి ఏటవాలు మీద పడి, జారి, అంచు వైపుకు పోయింది. పైగా ఒక్కో కన్నానికీ బుష్ అరుగుతానే ఉండాది. తర్వాతి కన్నం ఇంకా పక్కకు."

"అయితే వీడికి కనపడలేదా?" ఎస్సై నాగేశ్ వైపు వేలు చూపించాడు. "పొట్టి బుష్ పెట్టి అరవై కన్నాలు వేసి, కళ్లు మూసుకుని ఉన్నాడా?"

అది నిజమైన ప్రశ్నే. నాకూ అదే గుచ్చుకుంటోంది.

నాగేశ్ నేల మీంచి లేచాడు. "అడిగినానక్కా. శుక్రవారం పొద్దున్నే అడిగినా. కొత్త మోడలు, పొట్టిగానే వస్తాది, నోరుమూసుకుని నడిపించు అన్నాడు."

"ఎవరు?"

మళ్లీ ఆ కిటికీ వైపు చూపు. ఈసారి దేవరాజ్ గారే నోరు విప్పారు. "టూల్ రూమ్ అమరేష్‌దేనమ్మా. పదైదేండ్లుగా వాడే చూసుకుంటాండాడు. తాళం కూడా వాడి దగ్గరే."

అమరేష్ నాకు తెలుసు. రూపేష్‌కు స్నేహితుడు. మా పెళ్లికి రాలేకపోయానని ఫోన్‌లో ఎంతో నొచ్చుకున్నాడు.

"ఇప్పుడు యాడ?"

"తొమ్మిదికి చింతామణికి పోయినాడు. గట్టి బుష్ ఒకటి పట్టుకొస్తానన్నాడు."

నా చేతిలోని ఫైల్ బెంచి మీద పడి ఖణేల్‌మంది.

"సార్," అన్నాను ఎస్సైతో, "బుష్ మెత్తనిదని మనకు తెలిసింది ఎప్పుడు?"

"ఇప్పుడే గదా. ఐదు నిమిషాలయింది."

"తొమ్మిదికే అమరేష్‌కు ఎట్ల తెలుసు?"

ధనుంజయ కుర్చీలోంచి లేచాడు. ఆ తర్వాత వెటకారం మాటలు రాలేదు.

వాచ్‌మన్ రిజిస్టర్ తెప్పించాం. దసరా సెలవు, గురువారం. అమరేష్, లోపలికి పదిన్నర, బయటికి పన్నెండూ పది. ఆ రోజు మరో పేరు లేదు. దేవరాజ్ గారు చింతామణిలో తాము ఎప్పుడూ కొనే టూల్స్ షాపుకు ఫోన్ చేశారు. అమరేష్ అక్కడికి పోలేదు.

టూల్ రూమ్ తాళం పగలగొట్టించాను. చిన్న గది. నూనె వాసన. ఎక్కడివక్కడ శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రం చూసే నాకు భయం వేసింది. లేత్ కింద ఇనుప రజను కూడా ఊడ్చేశాడు. ప్రెస్ మిషన్ వెనకాల, గోడకూ దాని కాలికీ మధ్య ఏదో మెరిసింది. చీపురు పుల్లతో లాగాను.

నిలువునా పగిలిన బుష్. రెండు ముక్కలు. గరుకు గీతల్లో కుంకుమ. దాని కింద ఎండి గట్టిపడిన గంధం, పసుపు నీళ్ల తుప్పు.

నాగేశ్ దాన్ని చూసి ఏడ్చేశాడు. "ఇదే అక్కా. నేను బొట్టు పెట్టింది ఇదే."

జరిగింది నా కళ్లకు కట్టింది. పూజ రోజున బుష్‌లన్నీ తీసి ఇత్తడి పళ్లెంలో పెడతారు. పసుపు నీళ్లు చల్లుతారు, గంధం, కుంకుమ అద్దుతారు. సాయంత్రం తుడవకుండానే దాన్ని తిరిగి జిగ్గులో దిగ్గొట్టారు. తడి గంధం బిగుసుకుంది. గురువారం అమరేష్ వచ్చి చూస్తే వంకరగా ఇరుక్కుని ఉంది. సుత్తితో కొట్టి ఉంటాడు. అంత గట్టి ఉక్కు వంగదు, పగులుతుంది. పదిహేనేళ్ల టూల్ రూమ్ పెద్ద, పూజ చేసిన బుష్‌ను పగలగొట్టానని చెప్పుకోలేక, చేతికందిన పొట్టి రాడ్డుతో ఇంకోటి చేసేశాడు. అంతవరకూ అది తప్పు మాత్రమే.

మునికృష్ణప్ప చచ్చిపోయాక అది వేరే ఏదో అయింది.

"స్టోరు చూపించండి," అన్నాను. టైం పదకొండూ ఇరవై. సరిగ్గా నిన్న ఇదే నిమిషానికి ఆ చెవి చిరిగింది.

స్టోరులో క్లాంపుల కుప్ప. ప్రతిదాని చెవి పక్కన నంబరు గుద్ది ఉంది. డ్రాయింగ్ ప్రకారం కన్నానికీ చెవి అంచుకూ మధ్య పద్నాలుగు మిల్లీమీటర్ల ఇనుము ఉండాలి. వెర్నియర్ పెట్టి కొలిచాను. ఐదో నంబరు, పద్నాలుగు. ముప్పయ్యో నంబరు, పన్నెండు. యాభై ఏడు, తొమ్మిదిన్నర.

"దిబ్బూరహళ్ళిది ఎంత నంబరు?" 

"యాభై ఎనిమిది," అన్నాడు ధనుంజయ. "మా స్టేషన్లో ఉండాది. నేనే చూసినా."

"అదే ముందుగా ఎందుకు పోయింది?"

"కడాకు చేసినవి కుప్ప మీద ఉంటాయి గదమ్మా," అన్నారు దేవరాజ్. "పైన ఉన్న నాలుగైదిట్లో చేతికందింది తీసి పంపిస్తారు."

అంటే అన్నిటికన్నా చెడ్డవే అన్నిటికన్నా ముందు బయటికి వెళ్తాయి. యాభై తొమ్మిది పక్కగా పడి ఉంది. కొలిచాను. ఎనిమిదిన్నర.

"అరవై?"

కుప్పంతా దొర్లించారు. లేదు.

స్టోరు రిజిస్టర్ నేనే తిప్పాను. నిన్నటి పేజీ. "క్లాంపు ఒకటి, శాంపిల్. సాయంత్రం ఐదూ నలభై. అమరేష్."

ఐదూ నలభై. అప్పటికి మునికృష్ణప్ప పోయి ఆరు గంటలు దాటింది. దేవరాజ్ గారు నన్ను పెట్టుకుని మూడున్నర గంటలు దాటింది. ఏ నంబరు ఎంత చెడ్డదో తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఏరి ఏరి అరవయ్యో దాన్ని చేతిలో పట్టుకుని ఈ గేటు దాటాడు.

"శాంపిల్ అని ఎవరికిచ్చినాడో..." అంటున్నాడు ఎస్సై.

అరవై.

మన షష్టిపూర్తి దీని మీదే రాసుండాది, సూడు.

నిన్న రాత్రి ఏడున్నరకు రూపేష్ గుమ్మంలోనే నిలబడి ఎవరితోనో మాట్లాడి, కాగితం చుట్టిన బరువైన పొట్లంతో లోపలికి వచ్చాడు. "లేటుగా వచ్చిన పెళ్లి కానుక" అన్నాడు. నేను వంటింట్లోంచి తొంగి కూడా చూడలేదు. పొద్దున దానికే బొట్టు పెట్టాను. నా వేలితో. ఆ నంబరు గుంటల్లోకి కుంకుమ దిగి ఉంటుంది.

ఆ మెసేజ్ నా ప్రాణం గురించి కాదు, ఈ తాడు కట్టినవాడి ప్రాణం గురించి.

"అమ్మా? ఏమైందమ్మా?" దేవరాజ్ గారి గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది.

"గూళూరు," అన్నాను. "సార్, గూళూరు. నా భర్త. పన్నెండుకు మోటారు లాగుతాడు. ఆ క్లాంపుతో."

ధనుంజయ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వాకీటాకీ నోటికి పెట్టుకుని జీపు వైపు పరిగెత్తాడు. నేను నడుస్తూనే రూపేష్‌కు ఫోన్ చేశాను. టైం పదకొండూ నలభై ఒకటి. పని చేసేటప్పుడు ఫోన్ బైక్ పెట్టెలో పడేస్తాడు. ఎత్తడు. మొదటిసారి పూర్తిగా మోగి ఆగింది. రెండోసారీ అంతే. జీపు కదిలింది. అక్కడి నుంచి గూళూరు గంట దూరం.

మూడోసారి ఎత్తారు.

"అంబికమ్మా," అంది అవతలి గొంతు. "నేను, అమరేష్‌ను."

ఎస్సై వైపు చూసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"అన్నా, మీరు చింతామణికి పోయినారన్నారే?" పండగ పలకరింపులా అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

"దావలో ఇట్ల తిరిగినా. మీ ఆయనకు చెయ్యి సాయం చేద్దామని. క్లాంపు బిగించేసినాడు. ఇరవై తొమ్మిది పైపులు, కింద మోటారు. ఇంగ లాగడమే."

మొదటి లాగుడుకే బరువంతా పడుతుంది. ఆ చెవి మీద.

"ఒక్క నిమిషం ఆయనకు ఇవ్వండన్నా."

"చేతులు ఖాళీ లేవమ్మా. చైను పట్టుకోనుండాడు. ఏం చెప్పల్లో నాకు చెప్పు, నేను చెప్తా."

క్లాంపు పేరెత్తితే ఫోన్ పెట్టేస్తాడు. కళ్లు మూసుకున్నాను. చైను వదిలేసి రూపేష్ పరుగెత్తుకొచ్చేది ఈ లోకంలో దేని కోసం?

"టిఫిన్ డబ్బాలో చీటీ ఉండాదన్నా," అన్నాను. సిగ్గుపడుతున్నట్టు నవ్వాను కూడా. "ఇప్పుడే చదవమని చెప్పండి. గట్టిగా చెప్పండి, ఆయనకే వినపడేట్టు."

అవతల గాలి. దూరంగా రూపేష్ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నాకు అంత బాగా తెలిసిన ఆ రాగం.

"చీటీ నేను చదివేసినానమ్మా," అన్నాడు అమరేష్ మెల్లగా. "డబ్బా నా చేతిలోనే ఉండాది. బాగా రాసినావు. గేటు దాటొద్దని నేనూ రాసినా గదా, నువ్వు చదవలేదా?"

ధనుంజయ జీపు వేగం పెంచమని సైగ చేశాడు.

"టూల్ డిజైనర్‌గా చేసిందానివి, బుష్ మీద ఫైల్ పెట్టి గీసే ఉంటావు గదా?" అన్నాడు అమరేష్.

"రూపేష్!" గొంతు చించుకుని అరిచాను. "లాగొద్దు! రూపేష్!"

నా అరుపు అవతలికి చేరిందో లేదో తెలియలేదు. ఆ వైపునుంచి ఒక చప్పుడు మాత్రం స్పష్టంగా వచ్చింది. టిక్. తర్వాత ఇంకోటి. టిక్.

చైన్ బ్లాక్ బరువెత్తుకుంటోంది. ఆ చైను లాగుతున్నవి నా భర్త చేతులే.